రెండు గాజు పలకల మధ్య ఈదే బ్యాక్టీరియా: గోడ దగ్గర ఎన్ని, నడుమ ఎన్ని అని లెక్కించే విధానం

రెండు గాజు పలకల మధ్య 100 మైక్రోమీటర్ల ఎడం ఉంచి, ఆ ఎడంలో ఈదగల బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని నింపి, రెండు మూడు నిమిషాలు ఆగి మైక్రోస్కోపు ఫోకస్‌ను పై పలక నుండి కింది పలక దాకా కొద్దికొద్దిగా దింపుతూ చూస్తే, పలకల దగ్గర కిక్కిరిసి ఉన్న బ్యాక్టీరియా నడుమకు వచ్చేసరికి పలచబడిపోతాయి. ఈదే జీవకణాల్లో చాలావాటిలో ఈ స్వభావం కొద్దో గొప్పో కనిపిస్తుంది. ఎద్దు వీర్యకణాలు గాజు ఉపరితలాల దగ్గర పోగవుతాయని రాత్‌షీల్డ్ 1963లోనే కొలిచి చూపించారు. ఇ. కోలై బ్యాక్టీరియా విషయంలో ఇదే కొలతను ఆలిసన్ బర్క్, లిండా టర్నర్, హోవర్డ్ బెర్గ్, ఎరిక్ లౌగా 2008లో రెండు గాజు పలకల మధ్య చేశారు. ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు (పారదర్శకమైన కణాలను రంగు వేయకుండానే స్పష్టంగా చూపేది), ఒక కెమెరా, సూక్ష్మజీవులను పెంచే కనీస సౌకర్యం ఉన్న కళాశాల ప్రయోగశాలలో ఈ కొలతను నమ్మదగిన రీతిలో ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ఒక హెచ్చరిక అవసరం. బ్యాక్టీరియాను లెక్కపెట్టడం ఈ పనిలో తేలిక భాగం. గోడ దగ్గర కనిపించిన గుంపు ఈత వల్లనే ఏర్పడిందని, బరువు వల్లనో, గాజుకు అంటుకోవడం వల్లనో, ఫోకస్ లోపం వల్లనో ఏర్పడలేదని రుజువు చేసుకోవడమే అసలు పని. నీటికంటే కొంచెం బరువైన ఇ. కోలై కణం ఈత మానేస్తే సెకనుకు సుమారు 0.08 మైక్రోమీటర్ల వేగంతో కిందికి దిగుతుంది. అంటే 100 మైక్రోమీటర్ల ఎడాన్ని ఇరవై నిమిషాల్లో దాటి అడుగు పలక మీదికి చేరుతుంది. చేరిన తరవాత నీటి అణువుల తాకిడి దాన్ని పైకి లేపగలిగినా, ఆ లేపడం నాలుగైదు మైక్రోమీటర్లకు మించదు. చచ్చిన బ్యాక్టీరియా సృష్టించే ఈ గుంపు, బతికి ఈదేవి సృష్టించే గుంపును అచ్చుగుద్దినట్టు పోలి ఉంటుంది. అందువల్ల అడుగు పలక మాటను ఒంటరిగా ఎప్పుడూ నమ్మకూడదు. బరువు ఏ కణాన్నీ పై పలక దగ్గరికి తీసుకుపోలేదు కాబట్టి, ఈ ప్రయోగంలో అసలైన సాక్షి పై పలకే.

ఈదుతున్న కణాలకు మాత్రం బరువుతో పెద్దగా పనిలేదు. సెకనుకు 25 మైక్రోమీటర్లు ఈదే కణానికి 0.08 మైక్రోమీటర్ల జారుడు లెక్కలోకి రాదు. అందువల్ల ప్రయోగం సరిగ్గా జరిగితే పైనా కిందా గుంపులు దాదాపు సమానంగా రావాలి. అలా రాకపోతే మీ ద్రవంలో ఈదనివి ఎక్కువగా ఉన్నాయని అర్థం.

కొలతకు ముందు వేయవలసిన అంచనా

ప్రయోగం మొదలుపెట్టకముందే ఎంత గుంపును ఆశించాలో కాగితం మీద లెక్క వేసుకోవడం మంచిది, ఎందుకంటే పలకల ఎడాన్ని, కణాల గాఢతను, తీయవలసిన చిత్రాల సంఖ్యను ఆ లెక్కే నిర్ణయిస్తుంది. నడుమ భాగంలో అన్ని దిక్కులకూ సమానంగా ఈదుతున్న కణాల్లో సగం మాత్రమే ఒక గోడ వైపు ముఖం పెట్టి ఉంటాయి. వాటిలోనూ ఏటవాలుగా వచ్చే వాటి వేగంలో కొంత భాగమే గోడ దిశలో పనిచేస్తుంది కాబట్టి, ఆ భాగం సగటున మరో సగం అవుతుంది. అంటే గోడ మీది ప్రతి చదరపు మైక్రోమీటరుకు సెకనుకు వచ్చి చేరే కణాల సంఖ్య, నడుమ గాఢతను ఈత వేగంతో గుణించి నాలుగుతో భాగిస్తే వస్తుంది. వచ్చిన కణం గోడ వెంబడి సగటున ఎంతసేపు ఈదుతుందో ఆ నిలకడ కాలంతో దీన్ని గుణిస్తే గోడ మీద ఉండవలసిన సంఖ్య తెలుస్తుంది. వేగాన్ని నిలకడ కాలంతో గుణించి నాలుగుతో భాగించినప్పుడు వచ్చే పొడవును నేను ‘గోడ వాటా’ అంటాను. ఒక గోడ తన మీద పట్టి ఉంచిన కణాలు, నడుమ ఉన్న ద్రవంలో ఎన్ని మైక్రోమీటర్ల మందానికి సమానమో అది చెబుతుంది.

వేగం సెకనుకు 25 మైక్రోమీటర్లు, నిలకడ కాలం 4 సెకన్లు అనుకుంటే గోడ వాటా 25 మైక్రోమీటర్లు అవుతుంది. రెండు గోడలు కలిపి 50 మైక్రోమీటర్ల ద్రవానికి సరిపడా కణాలను లాగేసుకుంటాయన్నమాట. పలకల ఎడం 200 మైక్రోమీటర్లయితే మొత్తం కణాల్లో 20 శాతం గోడల మీద ఉంటాయి. ఎడం 100 అయితే 33 శాతం, 50 అయితే సరిగ్గా సగం, 20 అయితే 71 శాతం. ఇరుకు పెరిగే కొద్దీ గోడల బలం పెరగడం లేదనీ, అవే గోడలు అదే వాటాను తక్కువ ద్రవం నుండి తీసుకుంటున్నాయనీ గమనించాలి. దీని నుండి వచ్చే ఒక ఆచరణాత్మకమైన మెలిక తొలిసారి చేసేవారికి తరచుగా అర్థం కాదు: మీరు మిల్లీలీటరుకు 6 కోట్ల కణాలు నింపితే, 100 మైక్రోమీటర్ల ఎడంలో నడుమ మిగిలేవి 4 కోట్లే. కాబట్టి గోడ గుంపును నింపిన గాఢతతో పోల్చకూడదు, అదే నమూనాలో నడుమ కొలిచిన గాఢతతోనే పోల్చాలి.

కణాలను సిద్ధం చేయడం

ఇ. కోలై కె-12 జాతి రోగకారకం కాదు, చండీగఢ్‌లోని ఎం.టి.సి.సి. వంటి కల్చర్ భాండాగారాల నుండి సంస్థ తరఫున దీన్ని తెప్పించుకోవచ్చు. సహజ జాతి సుమారు ఒక సెకను తిన్నగా పరుగెత్తి, సెకనులో పదో వంతు సేపు పల్టీ కొట్టి, కొత్త దిక్కుకు తిరుగుతుంది. ఈ తీరును బెర్గ్, బ్రౌన్ 1972లో ఒక్కో కణాన్ని మూడు దిశల్లో వెంటాడి కొలిచారు. తొలి ప్రయోగానికి మాత్రం పల్టీ కొట్టని జాతిని ఎంచుకోవడం మేలు. చీ-వై అనే జన్యువును తొలగించిన కణాల కశాభాలు (ఈదడానికి తిప్పే తోకల వంటి సన్నని పోగులు) ఒకే దిశలో తిరుగుతాయి కాబట్టి అవి ఆగకుండా ఈదుతూనే ఉంటాయి, గోడ దగ్గర జరిగే విషయాన్ని పల్టీల గందరగోళం లేకుండా చూపిస్తాయి. ఇలాంటి జాతులు బ్యాక్టీరియా ఈతను పరిశోధించే ప్రయోగశాలల దగ్గర అడిగితే దొరుకుతాయి. పోలిక కోసం కశాభాలు ఉండి వాటిని తిప్పే మోటారు పనిచేయని జాతిని, అంటే మోట్-ఎ, మోట్-బి జన్యువులు లేని దాన్ని, సంపాదించగలిగితే ఇంకా మంచిది. ఆకారం అదే, బరువు అదే, ఈత ఒక్కటే ఉండదు. వేడితో చంపిన కణాలు ముద్దలు కట్టవచ్చు, వాటి కశాభాలు ఊడిపోవచ్చు కాబట్టి అవి రెండో ఎంపికే.

ఒక శాతం ట్రిప్టోన్, అర శాతం ఉప్పు ఉన్న ద్రవంలో 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర కుదుపుతూ పెంచి, 600 నానోమీటర్ల కాంతి దగ్గర మసక కొలత (ద్రవం కాంతిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య) 0.5కు చేరుకోగానే తీయాలి. గ్లూకోజ్ కలిపితే కశాభాల తయారీ అణగిపోతుంది. 37 డిగ్రీల దగ్గర పెంచినా కశాభాలు తక్కువగా వస్తాయి. రాత్రంతా పెరిగి ముదిరిన కల్చర్‌లో ఈదేవి కొద్దిగానే మిగులుతాయి. తరవాత సెంట్రిఫ్యూజ్‌లో గురుత్వానికి 1500 రెట్లకు మించని వేగంతో పది నిమిషాలు తిప్పి, పై ద్రవాన్ని వంపేసి, కొత్త బఫర్ (పి.హెచ్. మారకుండా నిలిపే ద్రావణం) పోసి, గొట్టాన్ని అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లిస్తూ కణాలను విడదీయాలి. ఇక్కడ ఓపిక లేక పిపెట్‌తో బలంగా పీల్చి వదిలితే కశాభాలు తెగిపోతాయి. కశాభం మందం 20 నానోమీటర్లే, పొడవు మాత్రం కణం దేహానికి మూడు నాలుగు రెట్లు. పిపెట్ కొస సన్నదైతే దాని గుండా వేగంగా పారే ద్రవమే దాన్ని తెంపడానికి చాలు. కొసను కత్తిరించి వెడల్పు చేసుకున్న పిపెట్‌లనే వాడండి.

బఫర్‌లో 10 మిల్లీమోలార్ పొటాషియం ఫాస్ఫేట్ (పి.హెచ్. 7), 67 మిల్లీమోలార్ ఉప్పు, 0.1 మిల్లీమోలార్ ఇ.డి.టి.ఎ., 10 మిల్లీమోలార్ సోడియం లాక్టేట్, 1 మైక్రోమోలార్ మిథియోనిన్ ఉండాలి. లాక్టేట్ శక్తినిస్తుంది కానీ ఈ బఫర్‌లో పెరగడానికి కావలసినవేవీ లేవు కాబట్టి, కొలిచేంత సేపూ కణాల సంఖ్య మారదు. మసక కొలత 1 అంటే సుమారుగా మిల్లీలీటరుకు 80 కోట్ల కణాలని లెక్క, దీన్ని 0.075కు పలచన చేస్తే 6 కోట్లు అవుతాయి. ఇంతకంటే చిక్కగా నింపాలనే ఆశను అణచుకోండి. గాఢత పెరిగితే కణాలు ఒకదాని ప్రవాహాన్ని ఒకటి మార్చుకుంటాయి, గోడ మీద ఒకదానిపై ఒకటి పడి లెక్కకు అందవు, అన్నిటికంటే ముఖ్యంగా ద్రవంలోని ఆక్సిజన్‌ను నిమిషాల్లో తినేస్తాయి. ఆక్సిజన్ అయిపోతే లాక్టేట్ మీద బతుకుతున్న ఇ. కోలై ఈత ఆగిపోతుంది. ఆగినవి కిందికి దిగి, మీకు లేని గుంపును చూపిస్తాయి. పలకల మధ్య నింపే ముందు ఒక చుక్కను మామూలు స్లైడు మీద చూసి, పదింటిలో తొమ్మిదైనా ఈదుతుంటేనే ముందుకు సాగాలి.

గది కట్టడం

100 మైక్రోమీటర్ల మందం ఉన్న రెండు వైపులా అంటుకునే టేపును రెండు పట్టీలుగా కోసి, స్లైడు మీద వాటిని ఒక సెంటీమీటరు దూరంలో అతికించి, పైన 0.17 మిల్లీమీటర్ల మందం ఉన్న కవర్‌స్లిప్‌ను నొక్కితే గది తయారవుతుంది. రెండు పొరల టేపు వేస్తే 200 మైక్రోమీటర్ల గది వస్తుంది. టేపు మీద రాసి ఉన్న మందాన్ని నమ్మకుండా ప్రతి గదినీ కొలవాలి. అదెలాగో ముందు ముందు చెబుతాను. గాజును ముందుగా ఆల్కహాల్‌తో, తరవాత శుద్ధజలంతో కడిగి ఆరబెట్టి, గది కట్టాక ఒక శాతం బి.ఎస్.ఎ. ప్రోటీన్ ద్రావణాన్ని పది నిమిషాలు నింపి ఉంచి, బఫర్‌తో తోసేస్తే గాజుకు అంటుకునే కణాలు బాగా తగ్గుతాయి. కణాలను గదిలో కాసేపు వదిలేస్తే గాజుకు ఎన్ని అంటుకుంటున్నాయో ఒక సారి ఈ పూత లేకుండానూ చూడండి. తేడా కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

కణాలను నింపాక రెండు చివరలనూ వ్యాజలిన్, లానోలిన్, పారఫిన్ మైనాన్ని సమపాళ్లలో కరిగించిన మిశ్రమంతో మూసేయాలి. మూయకపోతే చివర్లలో నీరు ఆవిరై ద్రవం కదులుతుంది. ఆ కదలిక సెకనుకు కొన్ని మైక్రోమీటర్లే అయినా గోడ దగ్గరి ఈతను తప్పుదారి పట్టిస్తుంది. మన వేసవిలో ఏసీ లేని ప్రయోగశాలలో ఈ బెడద రెట్టింపవుతుంది, పైగా వేడికి ఈత వేగం కూడా మారుతుంది కాబట్టి 25 నుండి 30 డిగ్రీల మధ్య ఒకే ఉష్ణోగ్రతను పట్టుకొని ఉండాలి. గదిలో గాలి బుడగ మిగిలితే ఆ స్లైడును పారేయండి. వాడిన స్లైడులను బ్లీచ్ ద్రావణంలో వేసి, ద్రవాలను 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేసి మాత్రమే వదిలించుకోవాలి. జాతి నిరపాయకరమే అయినా ఈ నియమానికి మినహాయింపు లేదు.

లోతును సరిగ్గా చదవడం

ఈ ప్రయోగంలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గాలిలో పనిచేసే ఆబ్జెక్టివ్‌తో (మైక్రోస్కోపులో నమూనా వైపు ఉండే కటకంతో) నీటిలోకి చూసినప్పుడు, కాంతి వంగడం వల్ల లోతు తక్కువగా కనిపిస్తుంది. బిందెలో నీళ్లు ఉన్నప్పుడు అడుగు పైకి వచ్చినట్టు కనిపించేది ఇందుకే. నీటి వక్రీభవన గుణకం 1.33 కాబట్టి, ఫోకస్ మరను 75 మైక్రోమీటర్లు తిప్పితే నీటిలో దాదాపు 100 మైక్రోమీటర్లు దాటినట్టు. మర మీది సంఖ్యను అలాగే రాసుకుంటే గది ఎత్తు నాలుగో వంతు తగ్గిపోతుంది, గోడ వాటా కూడా అంతే తప్పుతుంది. పై పలక లోపలి ముఖం మీద, కింది పలక పై ముఖం మీద శాశ్వత సిరాతో చిన్న గీతలు ముందే గీసి ఉంచుకుంటే, ఆ రెండు గీతల మీద ఫోకస్ చేసి, మధ్య దూరాన్ని 1.33తో గుణించి గది అసలు ఎత్తును తెలుసుకోవచ్చు.

నలభై రెట్ల, 0.75 ద్వారపరిమాణం (కటకం ఎంత విశాలమైన కోణం నుండి కాంతిని పట్టుకుంటుందో చెప్పే సంఖ్య) ఉన్న ఆబ్జెక్టివ్‌కు స్పష్టంగా కనిపించే పొర మందం లెక్క ప్రకారం ఒకటింబావు మైక్రోమీటర్లే. కానీ ఫోకస్‌కు కొంచెం పైనా కిందా ఉన్న కణాలు కూడా మసకగా కనిపిస్తాయి, కంప్యూటరు వాటినీ లెక్కిస్తుంది. దీన్ని సరిగ్గా తెలుసుకోవడానికి, గాజుకు అంటుకుపోయిన ఒక కణాన్ని పట్టుకొని ఫోకస్‌ను అర మైక్రోమీటరు చొప్పున జరుపుతూ, మీ ప్రోగ్రామ్ దాన్ని ఎన్ని స్థానాల్లో కణంగా గుర్తిస్తుందో చూడండి. అదే మీ పొర అసలు మందం.

ఈ మసకదనం గోడ గుంపు ఆకారాన్ని చెడగొడుతుంది. ఒకటి రెండు మైక్రోమీటర్లలో ఉన్న పదునైన శిఖరం వెడల్పై, పొట్టిగా కనిపిస్తుంది. అయితే మసక ఆకారాన్ని చెరుపుతుందే కానీ మొత్తాన్ని చెరపదు, ఆ సంగతే మనకు ఆధారం. ఫోకస్‌ను గోడ దగ్గరే ఆపకుండా గాజు లోపలికి మరో ఐదు మైక్రోమీటర్లు తీసుకెళ్లి, అక్కడా లెక్కించాలి. గోడ మీది కణాలు ఆ స్థానాల నుండి కూడా మసకగా కనిపిస్తాయి కాబట్టి వాటిని వదిలేస్తే మొత్తం తగ్గుతుంది. గాజు లోపల ఐదు నుండి ద్రవంలో పదిహేను మైక్రోమీటర్ల దాకా, ఒక మైక్రోమీటరు అసలు లోతు చొప్పున తీసిన చిత్రాల్లోని సంఖ్యలన్నీ కలిపితే 200 వచ్చాయనీ, నడుమ భాగంలో ఒక్కో చిత్రానికి సగటున 5 వచ్చాయనీ అనుకుందాం. 200ను 5తో భాగిస్తే 40 మైక్రోమీటర్లు. అందులో నిజంగా ద్రవం ఉన్న 15 మైక్రోమీటర్లను తీసేస్తే మిగిలేది 25. అదే గోడ వాటా. ఈ భాగహారంలో పొర మందం లవంలోనూ హారంలోనూ ఉండి కొట్టివేయబడుతుంది కాబట్టి, మీ మైక్రోస్కోపు గొప్పదా సామాన్యమైనదా అన్నదానితో ఫలితానికి సంబంధం ఉండదు. గోడ దగ్గరి శిఖరం ఎంత ఎత్తు వచ్చిందో చెప్పే కొలతలకంటే ఈ మొత్తాన్ని చెప్పే కొలతను నేను ఎక్కువగా నమ్ముతాను.

లెక్కించడం

నింపిన తరవాత రెండు మూడు నిమిషాలు ఆగితే పంపిణీ స్థిరపడుతుంది; మొదలుపెట్టాక ఇరవై నిమిషాల్లో పూర్తి చేయాలి. నలభై రెట్ల ఆబ్జెక్టివ్ కింద 333 మైక్రోమీటర్ల చదరం కనిపించే కెమెరా ఉంటే, మిల్లీలీటరుకు 4 కోట్లు ఉన్న నడుమ భాగంలో ఒక్కో చిత్రానికి నాలుగైదు కణాలే దొరుకుతాయి. ఐదు శాతం కచ్చితత్వం కావాలంటే ఒక లోతులో 400 కణాలు లెక్కించాలి, అంటే వంద చిత్రాలు. నడుమ భాగం నున్నగా ఉంటుంది కాబట్టి అక్కడ ప్రతి మైక్రోమీటరుకూ అన్ని చిత్రాలు అవసరం లేదు. పది మైక్రోమీటర్లకు ఒక లోతు చాలు. గోడల దగ్గర మాత్రం ప్రతి మైక్రోమీటరుకూ తీయాలి.

చిత్రాల సంఖ్య ఎక్కువైనంత మాత్రాన ఆధారం ఎక్కువైనట్టు కాదు. గోడ వెంబడి ఈదే కణం కొన్ని సెకన్ల పాటు అదే చట్రంలో తిరుగుతుంది కాబట్టి, సెకనుకు పది చిత్రాలు తీస్తే ఒకే కణాన్ని పదిసార్లు లెక్కించడమే అవుతుంది. ఒక చోట కొద్ది చిత్రాలు తీసి, స్లైడును ఒక మిల్లీమీటరు జరిపి, మళ్లీ తీయడం మేలు. కిందికి దిగుతూ ఒకసారి, పైకి వస్తూ ఒకసారి మొత్తం లోతును కొలిచి రెండింటినీ పోల్చాలి. వెనక్కి వచ్చేటప్పటికి నడుమ సంఖ్య తగ్గి, అడుగున సంఖ్య పెరిగి ఉంటే కణాలు అలసి దిగిపోతున్నాయని తెలుసుకొని ఆ స్లైడును పక్కన పెట్టాలి.

అంటుకుపోయిన వాటిని విడిగా తీసేయాలి. రెండు మూడు సెకన్ల వీడియోలో కదలని కణాలను గుర్తించి లెక్క నుండి మినహాయించండి. కాలక్రమంలో సగటు తీసి నేపథ్యాన్ని తీసివేసే ప్రోగ్రాములు ఈ పనిని మీకు చెప్పకుండానే చేసేస్తాయి. అది సౌకర్యమే, కానీ ఎన్ని కణాలు అంటుకున్నాయో కూడా తెలియాలి కాబట్టి ఆ సంఖ్యను పక్కన రాసి పెట్టుకోవాలి.

మీరు నిజంగా గోడ దగ్గరే చూస్తున్నారా అన్న సందేహాన్ని కణాలే తీరుస్తాయి. ఘన ఉపరితలం దగ్గర ఇ. కోలై తిన్నగా ఈదలేదు. కశాభాల కట్ట ఒక వైపుకు, దేహం దానికి ఎదురు వైపుకు తిరుగుతుంటాయి కాబట్టి గోడ రాపిడి ఆ రెండింటినీ పక్కలకు వ్యతిరేక దిశల్లో నెట్టి, కణాన్ని వృత్తంలో తిప్పుతుంది. ద్రవం వైపు నుండి గోడను చూస్తే ఆ వృత్తం గడియారం ముల్లు దిశలో ఉంటుంది. పై నుండి చూసే మైక్రోస్కోపులో అడుగు పలక దగ్గరివి గడియారం దిశలో, పై పలక దగ్గరివి ఎదురు దిశలో తిరగాలి. రెండు పలకల దగ్గరా ఒకే దిశ కనిపిస్తే ఒకే పలకను రెండుసార్లు చూశారని అనుమానించాలి. కెమెరా చిత్రాన్ని అద్దంలోలా తిప్పి చూపిస్తుందో లేదో కాగితం మీది అక్షరంతో ముందే పరీక్షించుకోండి, లేకపోతే ఈ సాక్ష్యం తలకిందులవుతుంది. గాలి తగిలే నీటి ఉపరితలం దగ్గర కూడా తిరిగే దిశ తారుమారవుతుంది. బుడగ ఉన్న స్లైడును పారేయమనడానికి అదొక కారణం.

ఎడం మార్చి చూడడం, కారణాన్ని వెతకడం

ఒక్క ఎడంలో కొలిచి ఆగిపోతే సగం పనే చేసినట్టు. 200, 100, 50 మైక్రోమీటర్ల గదుల్లో అదే కల్చర్‌ను నింపి మూడింటిలోనూ గోడ వాటాను కొలవాలి. గోడ మీద ఉన్నవాటి శాతం గదిని బట్టి మారుతుంది, నడుమ గాఢతా మారుతుంది. గోడ వాటా మాత్రం మారకూడదు. మారకపోతే రెండు గోడలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేస్తున్నాయని అర్థం. ఈదని జాతితో చేసిన కొలతలో పై పలక వాటా సున్నా దగ్గర ఉండాలి. సహజ జాతితో చేస్తే వాటా తగ్గడం సాధారణం, ఎందుకంటే పల్టీ కణాన్ని గోడ నుండి తిప్పి పంపగలదు. అయితే ఆశించినంత తగ్గకపోవచ్చు. గోడ సమీపంలో పల్టీలే సగానికి తగ్గిపోతాయని, కొట్టినవి కూడా కణాన్ని ఎక్కువగా గోడకు సమాంతరంగానే తిప్పుతాయని 2014లో హోలోగ్రఫీ పద్ధతితో (కాంతి తరంగాల నుండి కణం స్థానాన్ని మూడు దిశల్లోనూ తెలుసుకునే పద్ధతితో) కొలిచి చూపించారు.

ఇక ఈ గుంపు ఎందుకు ఏర్పడుతుందన్న ప్రశ్న దగ్గర జాగ్రత్తగా మాట్లాడాలి. ఒక వివరణ ద్రవానికి సంబంధించినది: ఇ. కోలై తన ముందుకూ వెనకకూ నీటిని నెట్టి, పక్కల నుండి లోపలికి లాక్కుంటుంది. పక్కన గోడ ఉంటే ఆ లాగుడు కణాన్నే గోడ వైపు తీసుకుపోతుంది, దాన్ని గోడకు సమాంతరంగా కూడా తిప్పుతుంది. బర్క్ బృందం 2008లో ఈ బల ద్విధ్రువ (ఎదురెదురు దిశల్లో నెట్టే రెండు సమాన బలాల) వివరణతోనే తమ కొలతలను అర్థం చేసుకుంది. మరుసటి ఏడాది బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్వాంగ్‌లై లీ, జే టాంగ్ కాలోబాక్టర్ అనే బ్యాక్టీరియాతో రెండో వివరణ ఇచ్చారు: గోడను ఢీకొన్న కణం దాని వెంబడి ఈదక తప్పదు, నీటి అణువుల తాకిడికి దాని ముఖం మెల్లగా పక్కకు తిరిగేదాకా అక్కడే ఉంటుంది, గుంపు ఏర్పడడానికి ఇదొక్కటే చాలు. 2011లో కేంబ్రిడ్జిలో గోల్డ్‌స్టీన్ బృందం ఒక్కో ఇ. కోలై చుట్టూ నీటి ప్రవాహాన్ని నేరుగా కొలిచి, గోడకు కొన్ని మైక్రోమీటర్ల దూరం దాటితే ఆ ప్రవాహపు లాగుడుకంటే కణం దిశలోని యాదృచ్ఛిక మార్పులదే పైచేయి అని తేల్చింది.

మీ గోడ వాటా ఒక్కటే ఈ వివాదాన్ని తీర్చలేదు. పైన వేసిన అంచనాలో నిలకడ కాలం ఎక్కడి నుండి వచ్చిందో మనం అడగనే లేదు, ద్రవం లాగినా ఢీకొని ఆగినా లెక్క ఒకటే. వేరు చేయాలంటే గోడ మీది కణాలను ఒక్కొక్కటిగా వెంటాడి నిలకడ కాలాల పంపిణీని కొలవాలి, పది మైక్రోమీటర్లకు అవతల గాఢత మెల్లగా తగ్గుతూ పోతుందా లేక ఒక్కసారిగా నున్నగా మారుతుందా అని చూడాలి. దూరం నుండి లాగే ద్విధ్రువ సూత్రం కణం దేహం, కశాభం కలిపిన పొడవుకంటే దూరంలోనే చెల్లుతుంది కాబట్టి, గోడకు పది మైక్రోమీటర్ల లోపలి సంఖ్యలను ఆ సూత్రానికి బలవంతంగా అతికించకూడదు. శిఖరమే అందంగా అతుకుతుంది కనుక చాలామందికి ఆ ఆశ పుడుతుంది. అక్కడే సూత్రానికి అర్హత లేదు.

ఇరవై మైక్రోమీటర్లకంటే ఇరుకైన గదుల్లో ఈ పద్ధతి పనిచేయదు. రెండు గోడల మసక పొరలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొని, పోల్చడానికి నున్నని నడుమ భాగమే మిగలదు. ఇంకా ఇరుకుకు పోతే విషయమే మారిపోతుంది: కణం మందానికి మూడో వంతు మాత్రమే ఎక్కువ వెడల్పు ఉన్న కాలువల్లో కూడా ఇ. కోలై ఈదగలదని నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 2009లో చూపించారు, అలాంటి చోట గోడ దగ్గర, నడుమ అన్న విభజనకే అర్థం లేదు. ఇరవై దగ్గరి ఇరుకుల్లో కొలవాలంటే గోడలను నిలువుగా నిలబెట్టడం మేలు. పి.డి.ఎం.ఎస్. అనే పారదర్శక రబ్బరులో 20 నుండి 50 మైక్రోమీటర్ల వెడల్పు కాలువలను అచ్చు పోసి, గాజు మీద అతికించి, కాలువ నడి ఎత్తు దగ్గర ఫోకస్ పెట్టి చూస్తే, పక్క గోడల నుండి దూరాన్ని ఫోకస్ మరతో కాక చిత్రంలోనే కొలవవచ్చు. అప్పుడు 1.33 గుణకంతో పనిలేదు, బరువు ఏ గోడకూ పక్షపాతం చూపదు, ఆ రబ్బరు గుండా ఆక్సిజన్ కూడా లోపలికి చేరుతుంది. దీనికి చెల్లించే మూల్యం వేరే ఉంది: రబ్బరు వక్రీభవన గుణకం 1.41, నీటిది 1.33 కావడంతో ఫేజ్ కాంట్రాస్ట్‌లో గోడ అంచున రెండు మూడు మైక్రోమీటర్ల వెడల్పున మెరిసే పట్టీ ఏర్పడి, కొలవవలసిన కణాలనే కప్పేస్తుంది. ఈ పద్ధతికి మెరిసే ప్రోటీన్ ఉన్న జాతిని వాడి ఫ్లోరసెన్స్‌లో చూడాలి, గోడ అసలు స్థానాన్ని కాలువలో రంగు ద్రావణం నింపి విడిగా గుర్తించాలి, గోడ వాటాను మాత్రం పైన చెప్పిన మొత్తం లెక్కతోనే తీయాలి.